రెండు గంటల తర్వాతి రీడింగు

పంపుహౌసు,
జూన్ 4

నా చిట్టి పిచ్చుకకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. మూడోసారి మోటారు పక్కన నిలబడి దానికి వినబడేలా పైకి చదివాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా నా కబుర్లన్నీ ఎదురు చెప్పకుండా వింటున్నది అదొక్కటే. దానికి చెప్పకుండా ఎలా ఉంటాను?

తాతని కాబోతున్నాను! ఈ మాట తెలిసి నాలుగు నెలలైనా రోజూ లేవగానే కొత్తగా తెలిసినట్టే ఉంటోంది. నీ పెళ్ళయిన తొమ్మిదేళ్ళూ మీ అమ్మా నేనూ ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసేవాళ్ళం, నీ చెవిన పడితే మనసు కష్టపెట్టుకుంటావని. ఇప్పుడు మీ అమ్మని 'అమ్మమ్మగారూ' అని పిలుస్తున్నాను. ఆవిడ పలకడం లేదు గానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

అసలు సంగతికి వస్తాను. ఆస్పత్రిలో గ్లాసుడు చక్కెర నీళ్ళు తాగించి మూడుసార్లు రక్తం తీశారని రాశావు. తాగకముందు నూట ఎనిమిది, గంటకి రెండు వందల పన్నెండు, రెండు గంటలకి నూట డెబ్బై నాలుగు. 'ఎక్కువొచ్చింది నాన్నా' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఎక్కువొస్తే అంత నీరసంగా రాస్తావేమిటే పిచ్చిపిల్లా! నేను రోజూ చేసే పని అదే కదా. నీళ్ళు వదలకముందు ట్యాంకు మట్టం ఎంతుందో రాస్తాను, మోటారు వేసిన గంటకి రాస్తాను, రెండు గంటలకి రాస్తాను. మట్టం చూపే ముల్లు పైకి ఎక్కుతోందంటే ఆ పూట మిల్లు క్వార్టర్లలో ఎవ్వరూ బిందె పట్టుకుని నా మీదికి రారు. గంటలో నూటెనిమిది నుంచి రెండు వందల పన్నెండుకి ఎక్కిందంటే అదేం ట్యాంకు తల్లీ! మిల్లులో ఇంజనీరుగారికి కూడా చెప్పాను. ఆయన 'అలాగా' అన్నాడు, ఆయనకి ట్యాంకుల గురించి ఏమీ తెలియదు.

మీ అమ్మ మాత్రం 'తెలియని యంత్రం మీద చెయ్యి వెయ్యకండి' అంటోంది. ఆవిడ మాట వదిలెయ్. ఆ చక్కెర నీళ్ళు అంత బాగా పట్టాయి కదా, ఇంకో గ్లాసు అడిగి తాగు.

ఫోను చెయ్యొద్దన్నావు కాబట్టి చెయ్యలేదు. మోటారు హోరుకి చెవులు మందగించిన నాకు వినబడేలా నువ్వు అరిస్తే నాకంటే ముందు రెండో వరస క్వార్టర్లకి తెలుస్తోందన్నది నిజమే. ఉత్తరాలే నయం, ఎన్నిసార్లయినా వినొచ్చు.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. నీ కడుపులో ఉన్నవాళ్ళని మరీ మరీ అడిగానని చెప్పు.

ముల్లు పైకెక్కిన ఆనందంలో,
మీ నాన్న


జూన్ 10

నాన్నా,

నీ ఉత్తరం పైకి చదివితే మీ అల్లుడుగారికి తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. పాపం, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ముందు ఆ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పిన మాట వెనక్కి తీసుకో.

నాన్నా, అది ట్యాంకు కాదు, నా రక్తం. అందులో చక్కెర ఎంతుందో ఆ అంకెలు చెబుతాయి. ఎక్కువ ఉంటే మంచిది కాదు. చక్కెర నీళ్ళు తాగకముందు తొంభై రెండు దాటకూడదు, గంటకి నూట ఎనభై దాటకూడదు, రెండు గంటలకి నూట యాభై మూడు దాటకూడదు. నాకు మూడూ దాటాయి. దీన్ని జెస్టేషనల్ డయాబెటిస్ అంటారట. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు. కాన్పు కాగానే చాలామందికి పోతుందట.

ఇప్పుడు నాకో చిన్న మిషను ఇచ్చారు. రోజుకి నాలుగుసార్లు వేలికి సూది గుచ్చుకుని చుక్క పెట్టి చూడాలి. పొద్దున్నే ఏమీ తినకుండా చూస్తే దాన్ని ఫాస్టింగ్ అంటారు. మిగతా మూడూ అన్నం తిన్న రెండు గంటల తర్వాత చూసేవి, వాటిని పోస్ట్ ప్రాండియల్ అంటారు. అందరూ పీపీ అనేస్తారు. నా లెక్కలో ఫాస్టింగ్ తొంభై అయిదు లోపల, పీపీ నూట ఇరవై లోపల ఉండాలి. వేళ్ళన్నీ చిల్లులు పడ్డాయి. మా కళ్ళజోళ్ళ షాపులో కళ్ళద్దాలు అరగదీసేటప్పుడు అద్దం మీద ఎర్ర చుక్క పడుతోందని మా ఓనరమ్మ నన్ను సాన చక్రం దగ్గర్నుంచి జరిపి, కౌంటరు వెనక స్టూలు వేసింది. నిలబడి చేసే పని తప్పింది, అదొక్కటి బాగుంది.

బిడ్డ వారాలకి తగ్గ కొలత కంటే కాస్త పెద్దగా ఉందని స్కానులో చెప్పారు. అది కూడా షుగరు వల్లేనట.

ఒక్క ప్రశ్న. మా డాక్టరు కాగితంలో గడి ఉంది. అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ షుగరున్నవాళ్ళు ఉన్నారా అని. ఆలోచించి నిజం రాయి.

నీ పిచ్చుక


జూన్ 15

నా తల్లికి,

తప్పయింది. ఇంజనీరుగారితో చెప్పేశాను. ఆయన మళ్ళీ 'అలాగా' అన్నాడు. ఇంకో గ్లాసు తాగమన్న మాట కూడా చెరిపెయ్. తాగలేదు కదా? తాగలేదని వెంటనే రాయి.

కానీ బిడ్డ పెద్దగా ఉందన్నావు చూడు, ఆ లైను దగ్గర నేను కుర్చీలోంచి లేచి ఒక చుట్టు తిరిగాను. పెద్ద బిడ్డ! నువ్వు పుట్టినప్పుడు రెండు కిలోలే ఉన్నావు. చేతిలో పెడితే పిట్టలా ఉన్నావని కదా పిచ్చుక అని పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ పిచ్చుక కడుపున పెద్ద బిడ్డ! షుగరు వల్ల అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ, పెద్దగా ఉంటే ఎవరికి నష్టం? మీ అమ్మ ఉన్నితో చొక్కా అల్లడం మొదలుపెట్టింది. రెండు వేళ్ళు ఎక్కువ పెట్టి అల్లమన్నాను.

ఇక నీ ప్రశ్న. ఇది డాక్టరే అడిగిందా, మీ అత్తగారు అడిగించిందా? మన వైపు ఎవ్వరికీ లేదు! మా నాన్న ఎనభై ఒకటో ఏట కూడా పైపులైను వెంట ఆ చివరిదాకా నడిచాడు. మా అమ్మ పోయేరోజు వరకూ సూదిలో దారం తానే ఎక్కించుకుంది. మీ అమ్మ వైపు వాళ్ళకి నోటి దురుసు తప్ప ఏ రోగమూ లేదు. ఇక నేనంటావా, నా ఒంట్లో ఏ లోపమూ లేదు. ఈ మధ్య కాస్త సన్నబడ్డాను, అంతే. మీ అమ్మ అంటుంది, 'రోజుకి రెండు కూజాలు ఖాళీ చేస్తున్నారు, బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకున్నారు, ఒకసారి డిస్పెన్సరీకి వెళ్ళిరండి' అని. నీళ్ళ మనిషి నీళ్ళు తాగకపోతే ఇంకెవరు తాగుతారు?

లేదు అని రాయించు. పెద్ద అక్షరాలతో రాయించు.

కాస్త కోపం, బోలెడు సంతోషంతో,
మీ నాన్న


జూన్ 26

నాన్నా,

తాగలేదు.

అత్తగారు అడిగించలేదు. ఆవిడకి తనకే షుగరు ఉంది, ఆవిడకెందుకు? సరే, లేదనే రాయించాను.

రెండు వారాలు చెప్పినట్టే తిన్నాను. అన్నం సగం, కూర రెట్టింపు. తిన్న తర్వాత అరగంట నడక. మా వీధి చివరి మలుపు దాకా వెళ్ళి రావడం, రోజుకి మూడుసార్లు. చెప్పుల షాపు అతను ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాననుకుని 'దొరికిందా అక్కా?' అని రోజూ అడుగుతున్నాడు. పీపీలు దారికి వచ్చాయి. ఫాస్టింగ్ మాత్రం నూట ఒకటి, నూట నాలుగు, నూట రెండు. దిగనంటోంది.

నిన్న డాక్టరు ఇన్సులిన్ మొదలుపెట్టమంది. రోజూ పడుకునే ముందు ఆరు యూనిట్లు. పెన్నులా ఉంది, చివర చిన్న సూది. ఫ్రిజ్‌లో పాల వెనక పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా అదే కనబడుతోంది. మొదటి రెండు రోజులూ నర్సు దగ్గరుండి వేయిస్తుందట, తర్వాత నేనే వేసుకోవాలి.

నాన్నా, నాకు భయంగా ఉంది. సూది అంటే కాదు. తొమ్మిదేళ్ళకి వచ్చిన బిడ్డ, నేను చేసే ఏ పనివల్ల దానికి ఏమవుతుందోనని. నువ్వు ఏదో ఒకటి రాయి. నవ్వొచ్చేది రాయి.

నీ పిచ్చుక


జూన్ 30

తల్లీ,

నవ్వొచ్చేది ఇప్పుడు నా దగ్గర లేదు.

ఆ సూది వేసుకోకు. మగ్గాల సెక్షను మేస్త్రి వాళ్ళ అన్నగారు నీకు గుర్తుండే ఉంటాడు, మన ఇంటి ముందు నుంచి సైకిలు మీద వెళ్ళేవాడు. ఆయనకి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికి కాలు తీసేశారు, తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఇన్సులిన్ అంటే ఇంక ఏ మందూ పనిచెయ్యనప్పుడు ఇచ్చేదని ఇక్కడ అందరూ అంటున్నారు. ఒకసారి అలవాటైతే మానదట. నీకు వేస్తే కడుపులోని బిడ్డకి కూడా ఎక్కదా? ఆ డాక్టరుకి తొందరెక్కువ. అన్నం ఇంకా తగ్గించు, నడక ఇంకా పెంచు. నేను ఇక్కడ డిస్పెన్సరీలో కనుక్కుని రాస్తాను. అప్పటిదాకా ఆ పెన్ను పాల వెనకే ఉండనీ.

మీ నాన్న


జూలై 4, ఎక్స్‌ప్రెస్ టపా

పిచ్చుకా, పిచ్చుకా, పిచ్చుకా!

ముప్పయ్యో తారీకు ఉత్తరం చింపెయ్. చింపి ఆ ముక్కలు కూడా చింపెయ్. నిన్న మందుల షాపులోంచి ఫోనులో అరిచాను కదా, నీకు సగం వినబడింది, బజారుకి మొత్తం వినబడింది. 'వేసుకో! వేసుకో! వేసుకో!' అని నేను అరుస్తుంటే షాపులో ఒకావిడ భయపడి చేతిలోని మాత్ర గబుక్కున మింగేసింది. నీకు వినబడని సగం ఇందులో రాస్తున్నాను.

జూలై ఒకటిన డిస్పెన్సరీకి వెళ్ళాను. యుద్ధానికి వెళ్ళినట్టే వెళ్ళాను. డాక్టరమ్మ తలెత్తి చూసి, "ఏం పెద్దాయనా, పంపు పాడైందా?" అంది.

"పంపు బాగానే ఉందమ్మా. ఇన్సులిన్ సంగతి తేల్చుకుందామని వచ్చాను."

"తేల్చుకుందాం. మీరెందుకిలా చిక్కిపోయారు? ముందు ఆ వేలు ఇటివ్వండి."

చుక్క తీసి మిషనులో పెట్టింది. రెండు వందల నలభై మూడు. పాత అలవాటు కొద్దీ 'అబ్బో, ఎంత ఎక్కువో' అని మురిసిపోబోయాను. నీ ఉత్తరం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"ఎన్నాళ్ళుగా ఉంది షుగరు?" అంది.

"నాకు లేదమ్మా. మా వైపు ఎవ్వరికీ లేదు."

"మీ వైపు ఎవరైనా ఎప్పుడైనా చూపించుకున్నారా?"

తల్లీ, అప్పుడు లెక్క చూసుకున్నాను. మా నాన్న చూపించుకోలేదు. మా అమ్మ చూపించుకోలేదు. ఎవ్వరూ చూపించుకోని ఇంట్లో ఎవ్వరికీ రోగం లేదని పెద్ద అక్షరాలతో రాయించాను నేను!

మర్నాడు ఏమీ తినకుండా రమ్మంది. ఫాస్టింగ్ నూట అరవై ఎనిమిది. మామూలు మనిషికి నూరు లోపల ఉండాలి, నూట ఇరవై ఆరు దాటితే షుగరేనట. నాది టైప్ టు. ముదురు వయసులో ఎక్కువగా వచ్చే రకం, ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉంటుందట. నాకు మాత్రలు రాసిచ్చింది.

అప్పుడడిగాను, "చక్కెర ఎక్కువుంటే ఒంటికి బలం రావాలి కదమ్మా, నేనెందుకు చిక్కిపోతున్నాను?" అని. ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీ పంపుహౌసులో రెండు ముళ్ళున్నాయి కదా. ట్యాంకు మట్టం చూపించేదొకటి, లైనులో ప్రెషరు చూపించేదొకటి. ప్రెషరు ముల్లు ఎర్ర గీత దాటిందంటే ఏమిటర్థం?" అంది.

"లైనులో ఎక్కడో వాల్వు మూసుకుపోయిందని."

"అప్పుడు ఇళ్ళకి నీళ్ళు వెళ్తాయా?"

"చుక్క వెళ్ళదు."

"మరి పైపు?"

"ఉబ్బి, అతుకుల దగ్గర పగులుతుంది."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ముప్పై ఎనిమిదేళ్ళు రెండు ముళ్ళ మధ్య కూర్చున్నవాణ్ణి, నీ అంకె చూసి తప్పు ముల్లు ముందు నిలబడి మురిశాను! రక్తం అంటే పైపులైను. చక్కెర అంటే అందులో నీళ్ళు. ఒంట్లో ఉన్నవి ఇళ్ళు. ఇన్సులిన్ వచ్చి తిప్పితేనే ఇంటింటికీ వాల్వు తెరుచుకుంటుంది. అది తక్కువైనా, వాల్వు బిగుసుకుపోయినా లైనులో ప్రెషరు ఎర్ర గీత దాటుతుంది, ఇళ్ళు మాత్రం ఎండిపోతాయి. నేను ఎండిపోయింది అందుకు!

అంటే తల్లీ, ఇన్సులిన్ విషం కాదు. రోగం కాదు. ఇన్సులిన్ అంటే వాల్వు మనిషి. అంటే నేనే! డాక్టరమ్మ ముందే ఎగిరి గంతేశాను. "కూర్చోండి, బల్ల మీద సామానుంది" అని కేకేసింది.

నీకు కడుపుతో ఉన్నందువల్ల వాల్వులు బిగుసుకున్నాయట. నీ ఒంట్లోని వాల్వు మనిషి ఒక్కడు సరిపోవడం లేదు, డ్యూటీకి ఇంకొకణ్ణి పంపుతున్నారు. అంతే. ఆ రెండోవాడు నీ లైను దాటి బిడ్డ దగ్గరికి వెళ్ళడట. చక్కెర మాత్రం వెళ్తుంది. ఎక్కువ చక్కెర వెళ్తే బిడ్డ అవసరానికి మించి పెద్దదవుతుంది. పెద్దగా ఉంటే ఎవరికి నష్టం అని రాశాను చూడు, నష్టం నీకూ దానికీ. మీ అమ్మ అల్లిన చొక్కాలో నేను పెట్టించిన రెండు వేళ్ళూ ఊడదీయించాను.

మేస్త్రి అన్నగారి గురించి కూడా అడిగాను. ఆయనకి ఇన్సులిన్ వేసుకోమని చెప్పింది కాలు పోవడానికి నాలుగేళ్ళ ముందట. మూడేళ్ళు వద్దన్నాడు. ఆఖర్న ఒప్పుకున్నాడు. మనం ఆఖరిదే చూశాం.

ఇప్పుడు నా మాట విను. ఆ గడిలో లేదు అన్నది కొట్టేయించు. 'తండ్రికి ఉంది' అని రాయించు. నీ డాక్టరుకి తెలియాలట, తెలిస్తే కాన్పు తర్వాత కూడా నిన్ను కనిపెట్టుకుని ఉంటుందట. నాకేమీ సిగ్గు లేదు. నా ముక్కూ నా గొంతూ నీకొచ్చాయని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, ఇది మాత్రం నాది కాదంటానా?

రాత్రి ఆరు యూనిట్లు. వేసుకున్నానని రాసేదాకా నేను భోజనం చెయ్యనని మీ అమ్మతో అన్నాను. 'మాత్రలు వేసుకునేవాళ్ళు భోజనం మానకూడదని డాక్టరమ్మ చెప్పింది' అని కంచం పెట్టేసింది. తిన్నాను.

వాల్వు మనిషి,
మీ నాన్న


జూలై 10

నాన్నా,

మొదలుపెట్టడానికే భయపడి వాయిదా వేస్తున్నదాన్ని, నువ్వు చెప్పావని ఇంకో రెండు రోజులు ఆగాను. రెండు రోజులూ పొద్దున్నే నూట ఏడు, నూట తొమ్మిది. ఆ అంకెలు చూసి నీమీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అంతలో నీ ఫోను. 'వేసుకో' అన్న మాటొక్కటే వినబడింది. ఏం వేసుకోవాలో చెప్పకుండా అరుస్తావేమిటి? మీ అల్లుడుగారు దుప్పటి తెచ్చి కప్పాడు.

నీ ఉత్తరం వచ్చాక సూది వేసుకున్నాను. కళ్ళద్దం అంచు గీసుకున్నంత కూడా లేదు. ఇంతదానికా నేను వారం రోజులు పాలు కూడా తీయకుండా ఫ్రిజ్ తలుపు వేసేసింది అనిపించింది. మోతాదు కాస్త పెంచారు. ఈ రోజు ఫాస్టింగ్ తొంభై ఒకటి! బాత్రూములోంచి కేకేస్తే మీ అల్లుడుగారు సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు.

మొన్న ఒకటి జరిగింది, భయపడకు. ఉదయం తొందరలో సరిగ్గా తినకుండా పనికి వెళ్ళాను. పదింటికి చేతులు వణికాయి, చెమటలు, కౌంటరు మీది కళ్ళజోళ్ళు రెండేసి కనబడ్డాయి. చూసుకుంటే అరవై రెండు. దీన్ని హైపో అంటారు, అంటే చక్కెర బాగా పడిపోవడం. చెప్పిపెట్టినట్టే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి పావుగంట ఆగి చూశాను. ఎనభై నాలుగు. తర్వాత కాస్త తిన్నాను. మా ఓనరమ్మ ఇప్పుడు సొరుగులో కళ్ళజోడు తుడిచే గుడ్డల పక్కన చక్కెర డబ్బా పెట్టింది.

గడిలో దిద్దించాను. డాక్టరు చదివి, "మీ నాన్నగారు నిజం రాసి మంచి పని చేశారు" అంది. ఎన్ని ఉత్తరాల తర్వాత రాశాడో నేను చెప్పలేదు.

ఇకనుంచి ప్రతి ఉత్తరంలోనూ నీ అంకెలు రాయాలి. నాకు కబుర్లొద్దు, రీడింగులు కావాలి.

నీ పిచ్చుక


జూలై 17

నా తొంభై ఒకటి తల్లికి,

నా రీడింగులు. ఫాస్టింగ్ నూట ముప్పై ఒకటి. పీపీ నూట అరవై రెండు. దిగుతోంది! ముల్లు కిందికి దిగితే పండగ చేసుకోవడం ఈ వయసులో నేర్చుకున్నాను.

హెచ్‌బి ఏ వన్ సి అని ఇంకొకటి చేశారు. ఎనిమిది పాయింటు నాలుగు. పదికి ఎనిమిదిన్నర వచ్చిందా అని మళ్ళీ సంబరపడబోయాను, డాక్టరమ్మ ముందే చెయ్యి అడ్డం పెట్టింది. ఇది మూడు నెలల సరాసరి. మనం పరీక్షకి ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని వెళ్తే ఫాస్టింగ్ అంకె మోసపోతుంది గానీ ఇది మోసపోదు. ఎర్ర రక్తకణాలు మూడు నెలలు బతుకుతాయట, ఎన్నాళ్ళు చక్కెరలో నానాయో అవే చెప్పేస్తాయట. పై అధికారి వస్తున్నాడని తెలిసి ఆ ఒక్కపూట నీళ్ళు కారే పంపు గ్లాండు బిగించి నేల తుడిచేవాళ్ళు నా సర్వీసులో చాలామంది ఉన్నారు. ఈ పరీక్ష వాళ్ళ ముందుకి రిజిస్టరు మొత్తం తెచ్చి పడేసే రకం. ఏడు లోపలికి రావాలంది. వస్తాను.

మీ అమ్మకి కూడా చేయించాను. అయిదు పాయింటు తొమ్మిది. దాన్ని ప్రీ డయాబెటిస్ అంటారు, అంటే ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ ఇంటికి రాగానే "నాది గుమ్మం దగ్గరే ఉంది, మీది లోపలికొచ్చి మంచమెక్కింది" అంది. నలభై ఏళ్ళలో నామీద ఆవిడ గెలవని విషయం ఏదైనా మిగిలి ఉంటే ఇదొక్కటే, అదీ గెలిచింది.

సాయంత్రం నీళ్ళు వదిలాక ఇద్దరం పైపులైను వెంట నడుస్తున్నాం. ఆవిడ ముందు, నేను వెనక. అరికాళ్ళు రోజూ చూసుకోమన్నారు, నాకు వంగి చూసుకోవడం రాదు. ఆవిడే చూస్తోంది. 'ఏమీ లేదు, కడుక్కోండి' అంటోంది.

బిడ్డ ఎదుగుదల కొలతకి వచ్చిందా? ఆ ఒక్క మాట ముందు రాయి.

దిగుతున్న ముల్లుతో,
మీ నాన్న


ఆగస్టు 24

నాన్నా,

తొందరగా రాస్తున్నాను, నర్సు చూస్తే పడుకోమంటుంది. ఈ ఉదయం ఏడుంపావుకి. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు. సరిగ్గా ఉండాల్సినంత. నీ గొంతే వచ్చింది, మూడు గదుల అవతలికి వినబడింది.

పుట్టిన రెండు గంటలకి మడమ మీద చిన్న సూది గుచ్చి దానికి కూడా షుగరు చూశారు. యాభై రెండు. రేపటిదాకా పాలు పట్టేముందు చూస్తూనే ఉంటారట. నాకు ఇన్సులిన్ ఆపేశారు! ఆరు వారాల తర్వాత మళ్ళీ ఆ చక్కెర నీళ్ళ పరీక్ష చేస్తారు, పూర్తిగా పోయిందో లేదో చూడ్డానికి.

మీ అల్లుడుగారు ఈ ఉత్తరం మీ ఊరు బస్సు డ్రైవరు చేతికి ఇస్తానంటున్నాడు. ఫోను వద్దు నాన్నా, పక్క గదిలో పసివాళ్ళు పడుకున్నారు.

నీ పిచ్చుక


పంపుహౌసు,
ఆగస్టు 25

నా తల్లికి, నా తల్లి కన్న తల్లికి,

డ్రైవరు నిన్న పన్నెండింటికే తెచ్చిచ్చాడు. రెండు కిలోల తొమ్మిది వందల దగ్గర ఏడ్చాను. గొంతు దగ్గర నవ్వాను. యాభై రెండు దగ్గర నా గుండె ఆగింది.

యాభై రెండు! నీకు అరవై రెండుకే చేతులు వణికాయి! ఉత్తరం పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా, అరికాళ్ళు జాగ్రత్త అన్న డాక్టరమ్మ దగ్గరికే పరిగెత్తాను. "చక్కెర! పసిదానికి చక్కెర పట్టమని చెప్పండి! హైపో!" అని గుమ్మంలోంచే అరిచాను. లోపల పద్నాలుగు మంది పేషెంట్లు లేచి నిలబడ్డారు.

ఆవిడ ఉత్తరం తీసుకుని నెమ్మదిగా చదివింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పెద్దాయనా, ఈ వయసుకి ఇది మంచి అంకె. అప్పుడే పుట్టినవాళ్ళ లెక్క వేరు, నలభై అయిదు పైన ఉంటే చాలు" అంది.

"మరి రేపటిదాకా ఎందుకు చూడ్డం?"

"కడుపులో ఉన్నంతసేపూ తల్లి లైను నుంచి చక్కెర వస్తుంది. దానికి తగ్గట్టు బిడ్డ తన ఇన్సులిన్ తాను తయారు చేసుకుంటుంది. బొడ్డు కోయగానే మెయిను లైను కట్. కానీ బిడ్డ వాల్వులు ఇంకా తెరిచే ఉంటాయి. అప్పుడు మట్టం పడిపోవచ్చు. పడకుండా కనిపెట్టుకుని ఉంటారు. మీ అమ్మాయి ఈ ఏడు వారాలూ తన లైను అదుపులో పెట్టుకుంది. అందుకే పసిదానికి పడలేదు. ఆ యాభై రెండు మీ అమ్మాయిది."

పిచ్చుకా, ఆ మాట విన్నాక నేను ఎలా పంపుహౌసుకి వచ్చానో తెలియదు. వచ్చాను. మోటారు వేశాను. ఒకటో వరస వాల్వు తిప్పాను. రెండోది తిప్పాను. మూడు, నాలుగు, ఆఫీసర్ల బంగళాలు, మిల్లు గేటు, అన్నీ పూర్తిగా తిప్పేశాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, క్వార్టర్లు కట్టినప్పటినుంచీ ఎవ్వరూ నీళ్ళు చూడని వేళకి, ప్రతి ఇంట్లో ప్రతి కుళాయీ బుస్సుమంది.

జనం బిందెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పైపు పగిలిందనుకున్నవాళ్ళు కొందరు, ఎక్కడో మంటలు అంటుకున్నాయనుకున్నవాళ్ళు కొందరు. ఇంజనీరుగారు అన్నం చేత్తోనే వచ్చాడు. "ఏమైంది? ఎందుకు వదిలావు?" అని అరుస్తున్నాడు. నేను ట్యాంకు మెట్ల మీద నిలబడి చెప్పాను.

"ఆడపిల్ల! రెండు కిలోల తొమ్మిది వందలు! యాభై రెండు!"

"యాభై రెండేమిటి?" అని ఒకావిడ కింద నుంచి అడిగింది.

ఇంక చూస్కో. ఫాస్టింగ్ అంటే ఏమిటి, పీపీ అంటే ఏమిటి, హైపో అంటే ఏమిటి, తండ్రికి ఉంటే కూతురికి ఎందుకు చెప్పాలి, అన్నీ చెప్పాను. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవ్వరూ కదల్లేదు. మీ అమ్మ తడి చీరతో మధ్యలో నిలబడి, నేను తప్పు చెప్పిన చోటల్లా దిద్దుతోంది. మగ్గాల సెక్షను మేస్త్రి పక్కకి పిలిచి, "అన్నా, మా అన్నయ్య పోయాక మా ఇంట్లో ఎవ్వరం చూపించుకోలేదు" అన్నాడు. ఈ ఉదయం అతన్నీ, ఇంకో తొమ్మిది మందినీ ఏమీ తిననివ్వకుండా డిస్పెన్సరీ మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి వచ్చాను. డాక్టరమ్మ నన్ను చూసి రెండు చేతులూ జోడించింది. దండమో, చాలించమనో తెలియలేదు.

ఇంజనీరుగారు వేళ కాని వేళ నీళ్ళు వదిలినందుకు రిజిస్టరులో కారణం రాసి సంతకం పెట్టమన్నాడు. రాశాను. ఆయన చదివి, మొదటిసారి 'అలాగా' అనకుండా, నా పెన్నే అడిగి తీసుకుని కింద తన సంతకం కూడా పెట్టాడు.

కారణం గడిలో 'మనవరాలు' అని రాశాను తల్లీ. ఎల్లుండి బస్సుకి మీ అమ్మా నేనూ వస్తున్నాం.

తాత